పడేది ఒకరు, పెట్టేది ఇంకొకరు

ఎదుటివాళ్లను మెప్పించాలన్న ఆరాటానికి తెలుగులో మాటల కొదవ లేదు. కాకా పట్టడం, ఇచ్చకాలాడటం, అడుగులకు మడుగులొత్తడం, ఈమధ్య భజన. ఇవన్నీ పైవాళ్ల దగ్గర పని జరగడానికి. చేసేవాడికి ఓ లెక్క ఉంటుంది. మొహమాటం ఈ కోవలోకి రాదు. మొహమాటపడ్డవాడికి పోయేదే గానీ దక్కేదేమీ ఉండదు.

మొగమాటం అన్న పాత రూపంలోనే మాట గుట్టు ఉంది. నిఘంటువులు దాక్షిణ్యం అంటాయి. అసలు సంగతి మొగం చూసి కాదనలేకపోవడం. ఫోన్‌లో 'తర్వాత మాట్లాడదాం' అని తప్పించుకున్నవాడే, అదే మనిషి ఇంటికొచ్చి కూర్చుంటే మెత్తబడిపోతాడు. అడిగేవాళ్లకూ ఇది బాగా తెలుసు. పెళ్లి శుభలేఖ వాట్సాప్‌లో పంపినవాళ్లు కూడా అప్పు కోసం ఇంటికే వస్తారు.

చిట్టీ పాడుకున్నవాడు ష్యూరిటీ కోసం ఆదివారం పొద్దున్నే వస్తాడు. వెంట భార్య, చేతిలో అరటిపళ్లు. కాఫీ అయ్యేదాకా పిల్లల చదువుల గురించే. కప్పు కింద పెట్టాక సంచిలోంచి కాగితాలు తీస్తాడు. సంతకం చేయాల్సిన చోటల్లా పెన్సిల్‌తో ముందే టిక్కులు పెట్టి ఉంటాయి. 'మీరైతే కాదనరని...' అని ఆపేస్తాడు. వంటింట్లోంచి ఇల్లాలి దగ్గు వినిపిస్తుంది. ఈయన పెన్ను అడుగుతాడు.

1872 నాటి భారత కాంట్రాక్టు చట్టం 128వ సెక్షన్ ప్రకారం, ఒప్పందంలో వేరేగా రాసుకుంటే తప్ప, హామీదారు బాధ్యత అసలు బాకీదారు బాధ్యతతో సమానం. అతను వాయిదాలు కట్టడం మానేస్తే నోటీసు ఈ గుమ్మానికీ వస్తుంది. సమ్మతిని చెడగొట్టేవి ఏమిటో 14వ సెక్షన్ చెప్పింది: బలవంతం, అనుచిత ప్రభావం, మోసం, ఉన్నది తప్పుగా చెప్పడం, పొరపాటు. మొహమాటం అందులో లేదు. ఉండాలని నేనూ అనను. ఉంటే మన ఊళ్లలో సగం కాగితాలు చెల్లవు.

చట్టానికి తట్టనిది మాటకు తట్టింది. తెలుగులో మొహమాటపడటం ఉంది, మొహమాటపెట్టడమూ ఉంది. విందులో 'మొహమాటపడకండి' అంటూ మూడో గారె విస్తట్లో వేస్తారు చూడండి, పడొద్దంటూనే పెట్టడం అది. గారెతో పోయేదేం లేదు, అరిగిపోతుంది. కానీ నష్టం జరిగినప్పుడు మనం పెట్టినవాణ్ణి మరిచిపోయి, పడినవాణ్ణే పట్టుకుంటాం. 'మొహమాటానికి పోతే కడుపైందట' అన్న సామెతలో నవ్వంతా ఆమె మీదే. మొహమాటపెట్టిన మగవాడు సామెతలోకే రాలేదు.

ష్యూరిటీ సంతకం చేసినాయన సంగతీ అంతే. 'వట్టి మెతక మనిషి' అని ఇంట్లో ఏళ్ల తరబడి దెప్పుతూనే ఉంటారు. అరటిపళ్లు తెచ్చినవాడు మాత్రం ఏ పెళ్లిలోనో ఎదురుపడి, 'బాగున్నారా అన్నయ్యా' అని నవ్వుతూ చెయ్యి పట్టుకుంటాడు. బాకీ మాటెత్తడానికి మళ్లీ ఈయనకే మొహమాటం.