సవరణ: ఆరేళ్లు నిండాల్సింది ఒకటో తరగతికి, ఎల్‌కేజీకి కాదు

పిల్లల్ని బడిలో ఎప్పుడు వేయాలన్న నా పోస్టులో "ఆరేళ్లు నిండితే గానీ ఎల్‌కేజీ వద్దు" అని రాశాను. అది తప్పు, క్షమించండి. 2020 జాతీయ విద్యా విధానంలో ఆరేళ్లు చెప్పింది ఒకటో తరగతికి, అంతకుముందు మూడేళ్లు అంగన్‌వాడీ గానీ, నర్సరీ, ఎల్‌కేజీ, యూకేజీ గానీ ఉంటాయి కాబట్టి లెక్క చూస్తే ఎల్‌కేజీకి నాలుగు నిండితే చాలు. ఏ తేదీకి నిండాలో మాత్రం చేర్చే స్కూల్లోనే కనుక్కోండి.

వయసొక్కటే చూడొద్దన్న మాట మాత్రం మార్చుకోను. మా పాప నాలుగు నిండాకే వెళ్లింది, ఏబీసీడీలు గడగడా చెప్పేది, కానీ బాత్రూమ్‌కి వెళ్లాలని టీచర్‌ని అడగలేక వారం రోజులు తడిసిన గౌనుతోనే ఇంటికొచ్చింది. ముందు ఇంట్లో అడగడం అలవాటు చేయండి.