పట్టాలు వేసి పట్టా పొందినవాడు

రైలుమార్గం నిర్మించి ఆపై రాజకీయాల్లోకి వచ్చినవాడని రాబర్ట్ డన్స్‌మ్యూర్‌ను పరిచయం చేస్తుంటారు. తేదీలు చూస్తే ఈ వరస తలకిందులవుతుంది. కెనడా పశ్చిమ కొసన ఉన్న బ్రిటిష్ కొలంబియా శాసనసభకు ఆయన ఎన్నికైంది 1882లో. వాంకూవర్ దీవిలో ఎస్క్వైమాల్ట్–ననైమో రైల్వే పని మొదలైంది 1884లో. ముందు కుర్చీ, తర్వాత కాంట్రాక్టు.

అసలు ఆయన బొగ్గు మనిషి. స్కాట్లండ్‌లోని ఎయిర్‌షైర్‌లో పుట్టి, 1851లో హడ్సన్స్ బే కంపెనీ అనే బ్రిటిష్ వ్యాపార సంస్థకు గని కార్మికుడిగా ఆ దీవికి చేరాడు. 1869లో ననైమో సమీపంలోని వెల్లింగ్టన్ దగ్గర బొగ్గు పొర కనిపెట్టడంతో దశ తిరిగింది. 1877లో కూలీ తగ్గింపును ఎదిరించి ఆయన గనుల కార్మికులు సమ్మె చేస్తే, వారి కుటుంబాలను కంపెనీ ఇళ్ల నుంచి ఖాళీ చేయించడానికి ప్రభుత్వం సాయుధ దళాన్ని పంపింది. శాసనసభలో అడుగుపెట్టకముందే ప్రభుత్వం ఆయన మాట వినేదన్నమాట.

ఇక రైలు సంగతి. పదేళ్లలో పసిఫిక్ తీరానికి రైలు వేస్తామన్న హామీ మీదే 1871లో బ్రిటిష్ కొలంబియా కెనడాలో కలిసింది. పని సాగలేదు. పైగా ఆ రైలు ప్రధాన భూభాగంలోనే ఆగిపోతుందని తేలడంతో దీవి ప్రజలు మండిపడ్డారు. వారిని చల్లార్చడానికి వచ్చిందే ఈ దీవి రైలు. కెనడా ప్రధాని జాన్ ఎ. మక్డోనల్డ్‌కు ఆ దీవితో ఒక చిత్రమైన బంధం ఉంది. సొంత నియోజకవర్గంలో ఓడిపోయి, 1878 నుంచి 1882 వరకు పార్లమెంటులో ఆ దీవిలోని విక్టోరియా నగరానికి ప్రాతినిధ్యం వహించాడు. కానీ ఆ ఊరిని ఆయన కళ్లారా చూసింది 1886లో. ఆ ఆగస్టు 13న పని పూర్తయిన గుర్తుగా ఈ రైలుమార్గానికి చివరి మేకు కొట్టిందీ ఆయనే.

సుమారు 115 కిలోమీటర్ల ఈ మార్గానికి ప్రతిఫలం ఎంత? 7.5 లక్షల డాలర్ల నగదు, దాదాపు 20 లక్షల ఎకరాల భూమి. అంటే దీవిలో ఇంచుమించు నాలుగోవంతు, అందులోని బొగ్గుతో, కలపతో సహా. కౌచన్ వంటి ఆదివాసీ జాతులు తరతరాలుగా బతుకుతున్న నేల అది. వారితో ఒప్పందం లేకుండానే చేతులు మారింది. నా లెక్కలో రైలు ఈ బేరానికి సాకు మాత్రమే. బొగ్గు వ్యాపారికి కావలసింది పట్టాల కన్నా పట్టా.

భాగస్వాములను చూసినా ఇదే తెలుస్తుంది. కాలిఫోర్నియా రైల్వే కుబేరులు క్రాకర్, హంటింగ్టన్, స్టాన్‌ఫోర్డ్ ఇందులో ఉన్నారు. లీలండ్ స్టాన్‌ఫోర్డ్ కాలిఫోర్నియా గవర్నరుగా ఉన్నప్పుడే సెంట్రల్ పసిఫిక్ రైల్వేకు అధ్యక్షుడు కూడా. మన పిల్లలు సీటు కోసం కలలు కనే విశ్వవిద్యాలయం ఆయన పెట్టిందే. కంచే చేను మేసిందని మనం వాపోతాం. ఇక్కడ మేయడానికి వచ్చినవాళ్లే కంచెగా నిలబడ్డారు, జనం ఓట్లతోనే.

డన్స్‌మ్యూర్ 1887లో ప్రాంతీయ మంత్రిమండలికి అధ్యక్షుడయ్యాడు. విక్టోరియాలో కట్టించుకుంటున్న క్రెయిగ్‌డారక్ కోట పూర్తికాకముందే, 1889 ఏప్రిల్‌లో చనిపోయాడు. అక్కడ ఆయన ఒక్క రాత్రి కూడా నిద్రపోలేదు. కొడుకు జేమ్స్ 1900లో ఆ ప్రాంతానికి ప్రీమియర్, అంటే మన ముఖ్యమంత్రి లాంటివాడు, అయి, రెండేళ్లకే ఆ పదవి వదిలాడు. 1905లో రైల్వేను కెనడియన్ పసిఫిక్ రైల్వే కంపెనీకి అమ్మేశాడు.

ఆ దారిలో ప్రయాణికుల రైలు 2011లో ఆగిపోయింది. 2023లో స్నా-నా-అస్ ఆదివాసీ జాతి తమ రిజర్వు భూమి గుండా పోయే రైలు మార్గపు ముక్కను తిరిగి పొందింది. అది తర్వాతి కాలంలో పొడిగించిన భాగం. తొలి దానంలోని అడవులు మాత్రం చాలావరకు నేటికీ ప్రైవేటు కలప కంపెనీల పేరునే ఉన్నాయి.