పార్కింగ్ టైల్స్ గారికి ఖాళీ నోటీసు

మహారాజశ్రీ పార్కింగ్ టైల్స్ గారి సముఖమునకు,

మా ఇంటి వాకిలినీ, పక్క సందునూ, వెనుక పెరటినీ గోడ నుంచి గోడ దాకా ఆక్రమించి, బకెట్ నీళ్ళు పోస్తే చాలు మెరిసిపోతూ తమరు చేస్తున్న సేవను ఈ కాలనీలో పొగడనివారు లేరు. గృహప్రవేశానికి వచ్చిన బంధువులు గదులను చూసి ఊరుకున్నారు గాని, "బురద ఉండదు, ఆకు రాలదు, పురుగూ పుట్రా రాదు" అంటూ తమరికి మాత్రం ప్రత్యేకంగా కితాబు ఇచ్చి వెళ్ళారు. వాటిలో చివరి మాట అక్షరాలా నిజం. ఆ కారణంగానే తమరిని ఖాళీ చేయించదలచి ఈ లేఖ రాస్తున్నాను.

పురుగూ పుట్రా అన్న ఆ ఒక్క మాటతో తమరు ఎవరెవరిని వెళ్ళగొట్టారో ఒకసారి మనవి చేసుకోనివ్వండి. ఏడాదిలో ఎక్కువ కాలం నేలలోనే గడిపి, తొలకరి వానలకు కొద్ది రోజులు మాత్రం ఎర్రటి మఖమల్ ఒంటితో పైకి వచ్చే పురుగుకు మన పెద్దలు ఏకంగా కార్తె పేరు పెట్టి ఆరుద్ర పురుగు అన్నారు. ఆరుద్ర కార్తె జూన్ 22 ప్రాంతంలో యథాప్రకారం వస్తూనే ఉంది, పంచాంగంలో దానికేమీ లోటు లేదు. పురుగు మాత్రం కింద ఎక్కడో తమరి సిమెంటు పరుపుకు తల కొట్టుకుంటూ ఉండాలి. తేనెటీగ అనగానే మనకు చెట్టుకు వేలాడే పట్టు గుర్తొస్తుంది గాని, తేనెటీగల్లో చాలా జాతులు ఒంటరిగా బతుకుతూ నేలలోనే బొరియ తవ్వుకుని గుడ్లు పెడతాయి. వంకాయ, టమాటా పూలను పట్టుకుని ఒంటిని కంపింపజేసి పుప్పొడి రాల్చే నీలిచారల తేనెటీగ ఆ కోవలోదే. దానికి కావలసింది జానెడు ఉత్త మట్టి. మేము వేల రూపాయలు పోసి ఆ జానెడు కూడా మిగలకుండా చూసుకున్నాం.

నీటి విషయంలో తమరి పొదుపు మరీ గొప్పది. 50 గజాల పెరటి మీద ఒక్క అంగుళం వాన కురిస్తే వెయ్యి లీటర్లు దాటుతుంది. అందులో పిడికెడు నీళ్ళయినా నేలకు దక్కకుండా తమరు గేటు కింది నుంచి వీధిలోకి సాగనంపితే, ఎండాకాలంలో మేము అదే కొలతకు ట్యాంకరు వారికి డబ్బు చెల్లిస్తున్నాం. వాన నీటిని నేలలోకి ఇంకించాలని 2002 నాటి వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం చెబుతోంది కాబట్టి, భక్తిశ్రద్ధలతో ఇంకుడు గుంత తవ్వించి, ఫొటో తీయించి, అనుమతి కాగితం చేతికి రాగానే దాని మీద కూడా తమరినే పరిపించిన గృహస్థులను నేనెరుగుదును.

ఇక పూజాపునస్కారాల సంగతి. తమరి అంచున, గోడ పగులులో, ఎలాగో తల ఎత్తిన ఉత్తరేణినీ గరికనూ జిల్లేడునూ కలుపు అంటూ ఏడాది పొడుగునా గడ్డిమందు కొట్టి చంపుతాం. వినాయక చవితి రాగానే సంచి పట్టుకుని బజారుకు వెళ్ళి, ఆ మొక్కలనే ఏకవింశతి పత్రిగా కట్టకింత అని బేరమాడి తెచ్చుకుంటాం. రథసప్తమి నాడు తలమీద పెట్టుకోవడానికి ఏడు జిల్లేడు ఆకుల కోసం తెల్లవారుజామున ఖాళీ ప్లాట్లు గాలిస్తాం. దేవుడికి పనికివచ్చిన ఆకు, ఆ జిల్లేడు మీదనే గుడ్లు పెట్టే నారింజ రంగు సీతాకోకచిలుకకు ఎందుకు పనికిరాకూడదో తమరే సెలవివ్వాలి.

తమరి దయతో కుండీలో బతికిపోయిన కరివేపాకు మొక్క ఒకటి ఉంది. నిమ్మ సీతాకోకచిలుక దాన్ని ఎలా కనిపెట్టిందో గాని వచ్చి గుడ్లు పెట్టింది. ఆ పురుగు పసితనంలో అచ్చం పిట్ట రెట్టలా ఉంటుంది. పెరిగాక ఆకుపచ్చగా మారి, ఎవరైనా కదిలిస్తే తల వెనుక నుంచి రెండు కొమ్ములు చాచి ఘాటైన వాసన వదులుతుంది. "వెంటనే మందు కొట్టించండి, చెట్టు మొత్తం తినేస్తుంది" అని పొరుగింటి పిన్నిగారు కంగారుపడ్డారు. మనం ఏరి పళ్ళెం అంచున పెట్టే ఆకును ఇంత ఇష్టంగా తినే ప్రాణి ఒకటి లోకంలో ఉన్నందుకు సంతోషించాలి గాని, మందెందుకు? ఆ పిన్నిగారే మార్చి 20న పిచ్చుకల దినమని తమరికి ఎగువన గోడకు చెక్కపెట్టె తగిలించారు. పెద్ద పిచ్చుకలు గింజలతో సరిపెట్టుకుంటాయేమో గాని, కళ్ళు తెరవని పిల్లలకు పురుగులే తిండి. పురుగు లేని చోట పిచ్చుకను రమ్మనడం వంటగది లేని ఇంట్లో కొత్త కాపురం పెట్టించడం లాంటిది.

తమరి పక్షాన వాదించేవారు పాములనూ దోమలనూ సాక్షులుగా పిలుస్తారని నాకు తెలుసు. పాము మొక్కల అందం చూసి రాదు, ఎలుక కోసం వస్తుంది. ఎలుక మన చెత్తబుట్ట కోసం వస్తుంది. ఈ రెండు ప్రయాణాల్లో దేనినీ తమరు ఆపలేరు. అయినా, కట్లపాము, రక్తపింజర తిరిగే నేల మీద ఆ భయాన్ని వెటకారం చేయడం నాకు ఇష్టం లేదు. అందుకే రాలిన ఆకుల కుప్పను గుమ్మానికి దూరంగా వేస్తాం, చీకటి పడ్డాక టార్చి లేకుండా అటు వెళ్ళం. డెంగీ దోమ కూలర్‌లోనూ, పాత టైరులోనూ, కుండీ కింది పళ్ళెంలోనూ, తమరు కుంగిన మూలలోనూ నిలిచిన నీటిలో వారం పది రోజుల్లో తయారవుతుంది. నేను పెట్టబోయే నీటి తొట్టిలో చిన్న చేపలు ఉంటాయి, తూనీగలు గుడ్లు పెడతాయి. తూనీగ పిల్లలు నీళ్ళలో ఉన్నంతకాలం దోమ పిల్లలను తిని బతుకుతాయి. తమరు ఇన్నేళ్ళలో ఒక్క దోమనైనా తిన్నట్లు రుజువు చూపగలరా?

కాబట్టి ఏర్పాట్లు ఇలా ఉన్నాయి. కారు చక్రాలు ఆనే రెండు పట్టీల మేర తమరి ఉద్యోగం పదిలం. మిగతా పరివారమంతా రోహిణి కార్తె వెళ్ళేలోగా లేవాలి. మేస్త్రీకి బయానా ఇచ్చేశాను. మృగశిరకు అక్కడ నిమ్మ, మందారం, నందివర్ధనం నాటుతాం; తుమ్మి, గరిక, ఉత్తరేణి పిలవకుండానే వస్తాయి. ఆ మట్టిలో ఒక మూలను ఏమీ నాటకుండా, ఏమీ పరవకుండా ఒట్టిగా వదిలేస్తాం. దానిని చూసి "పని మధ్యలో ఆపేశారా?" అని అడిగేవారికి తగిన జవాబు ఇంకా ఆలోచించుకోవాలి.

పగిలిన టైల్స్‌ను లారీకి ఎత్తించడం లేదు. పిల్లలు ఆడని వైపు, గోడ నీడలో సందులు వదిలి పేరుస్తాం. ఎందుకంటే తేలు కూడా తనకు హక్కుందని రావచ్చు. కప్పలకూ నలికిరులకూ నీడనివ్వడం తమరి కొత్త ఉద్యోగం. వారానికి రెండుసార్లు కడిగించుకునే వైభోగం ఇకమీద ఉండదు, ఒంటి మీద నాచు పట్టిందన్న ఫిర్యాదులు స్వీకరించబడవు.

ఇట్లు,
తమరి మీద ఇన్నాళ్ళూ కారు నిలిపిన గృహస్థు