శ్రీశ్రీశ్రీ శిలాఫలకం గారి దివ్యసముఖానికి

కర్నూలు నుంచి ఒక స్ట్రింగరు (లైన్ల లెక్కన రాసే విలేకరి) సాష్టాంగపడి రాసుకునే విన్నపం.

ఉభయకుశలోపరి. మేమిక్కడ క్షేమం. తమరు అక్కడ బస్టాండు పక్కన, వేపచెట్టు కింద, గుట్కా మరకలతో క్షేమంగానే ఉన్నారని మొన్న బస్సులోంచి చూశాను. దిగి పలకరిద్దామనుకున్నాను గానీ కండక్టరు "రెండే నిమిషాలు" అన్నాడు. తమరి మీదున్న పేర్లు చదవడానికే అయిదు నిమిషాలు పడుతుంది.

ఊరి పేరు రాయను. కర్నూలుకు గంటన్నర దూరంలో ఒక మున్సిపాలిటీ అనుకుంటే చాలు. పేరు రాస్తే నన్ను వాళ్ల మీడియా గ్రూపులోంచి తీసేస్తారు. వాట్సాప్ గ్రూపులో లేని విలేకరికి ఈ రోజుల్లో ఊళ్లో ఏం జరుగుతోందో తెలియదు. ఉన్నవాడికీ తెలియదనుకోండి, కాకపోతే వార్త మాత్రం వస్తుంది.

నన్ను గుర్తుపట్టారా? తమరు పుట్టిన రాత్రి నేనూ అక్కడే ఉన్నాను.

2024 మార్చి మొదటి వారం. ఎన్నికల కోడ్ ఇవాళో రేపో అంటున్నారు. కోడి కూయకముందు రైతు లేస్తాడు, కోడ్ కూయకముందు నాయకుడు లేస్తాడు. ఎటు పోయినా సిమెంటు ఆరని గోడలకు రిబ్బన్లు. తమరి తాలూకు కట్టడం బస్టాండు పక్కన ప్రజా మరుగుదొడ్లు. నాలుగు గదులు, పైన నల్ల ట్యాంకు. ట్యాంకులోకి నీళ్లు తేవలసిన పైపు రోడ్డుకు అవతలే ఆగిపోయింది. రోడ్డు తవ్వాలంటే ఇంకో శాఖ అనుమతి రావాలట. గోడకు రెండో కోటు సున్నం పడలేదు గానీ తమరి ఆర్డరు మాత్రం పడింది.

రాళ్లు చెక్కే కొట్టు కర్నూల్లో. మున్సిపాలిటీలో తెలిసినాయన "అన్నా, మీ ఊళ్లోనే కదా, అక్షరదోషాలు లేకుండా కాస్త చూసిపెట్టు" అంటే పోయాను. ఇప్పుడు ఉలితో ఎవరూ చెక్కడం లేదు. కంప్యూటర్లో కోసిన స్టిక్కరు రాయికి అంటించి, గొట్టంతో ఇసుక కొడతారు. స్టిక్కరు లేనిచోట రాయి గుంటపడుతుంది. ఆ గుంటలో బంగారు రంగు. ఇసుక కొట్టేటప్పుడు కొట్టు నడిపే భాయ్ మొహానికి తువ్వాలు చుట్టుకున్నాడు. నేను గడప బయట నిలబడ్డా పళ్ల మధ్య కరకరలాడింది.

సాయంత్రం ఆరు గంటలకు వచ్చిన జాబితాలో తొమ్మిది పేర్లు. ఏడున్నరకు పదమూడు. భోజనం చేసి వచ్చేసరికి పదిహేడు. ప్రతిసారీ స్టిక్కరు పీకి మళ్లీ కోయడం. మంత్రి పేరు ఎంత లావుండాలి, ఎమ్మెల్యే పేరు ఎంపీ పేరుకు ఎంత దిగువనుండాలి, ఇద్దరు వైస్ చైర్మన్లను ఒకే వరుసలో పక్కపక్కన వేస్తే ఎడమవైపు ఎవరు. పదకొండు దాటాక ఇంకో ఫోను. ఒకాయనకు ఏ పదవీ లేదు, కానీ ఆయన పేరు లేకపోతే రేపు జనం రారు. భాయ్ రాయి కేసి చూసి, ఫోను కేసి చూసి, "సార్, ఇంగ రాయన్నా పెద్దది చేయాల, ల్యాకపోతే మనుషులన్నా చిన్నగ కావాల" అన్నాడు. రెండూ కుదరవు కాబట్టి అక్షరాలు చిన్నవి చేశారు. ఆ పదవి లేనాయన "ఆత్మీయ అతిథి" అయ్యాడు.

ఈ ముక్క మీద నాకు ఎప్పటినుంచో అనుమానం. ముఖ్య అతిథి, విశిష్ట అతిథి, గౌరవ అతిథి, ఆత్మీయ అతిథి. రాయి నిండా అతిథులే. ఇంటివాడెవరో ఎక్కడా ఉండదు.

చివరి లెక్క పంతొమ్మిది పేర్లు, నాలుగు గదులు. తలా పావు గది కూడా రాదు.

ఇంకో సంగతి. తమరు ఎవరికీ చెప్పుకోరు గానీ నాకు తెలుసు. ఆరబెట్టడానికి తమరిని తిప్పినప్పుడు వీపు మీద పాత అక్షరాలు కనబడ్డాయి. బంగారు రంగు పోయింది, గుంటలు మిగిలాయి. ఏదో మురుగు కాలువ శంకుస్థాపన. పాత మంత్రి, పాత చైర్మన్, పాత కౌన్సిలరు. ఆ కాలువ ఎక్కడుందని అడిగితే భాయ్ నవ్వాడు. "రాయి ఉండాది గదా సార్. నల్లరాయికి ఒక పక్క అయిపోతే ఇంగో పక్క."

మా వంటింటి గట్టు కడప బండ. నట్టింట్లో పరిచినవి బేతంచెర్ల నాపరాళ్లు. ముప్పై ఏళ్లుగా మమ్మల్ని మోస్తున్నాయి, ఒక్కరోజూ పేరడగలేదు. తమరి వంశం వేరు, ఒప్పుకుంటాను. కడప జిల్లా కలమళ్లలో రేనాటి చోళులు వేయించిన తెలుగు శాసనం ఉంది. క్రీస్తుశకం 575 నాటిదంటారు. తొలి తెలుగు శాసనంగా చెప్పుకునేది దాన్నే. ఇంకా వెనక్కి పోతే మన జిల్లాలోనే, తొలకరి పడగానే జనం వజ్రాలు ఏరుకోవడానికి పోయే జొన్నగిరి దగ్గర, ఎర్రగుడి బండల మీద అశోకుడి రాతలున్నాయి. మనుషులకూ పశువులకూ వైద్యం ఏర్పాటు చేశాననీ, దారుల వెంట బావులు తవ్వించి చెట్లు నాటించాననీ అందులో ఉంది. పాపం, ప్రోటోకాల్ తెలియని మనిషి. అంత చేయించి అక్కడ అశోకుడన్న పేరే వేసుకోలేదు. దేవానాంప్రియుడనుకుని ఊరుకున్నాడు. వైస్ చైర్మన్ లేడు, ఆత్మీయ అతిథి లేడు. పైగా ఆ బండల మీద ఒకచోట ఒక వరుస ఎడమనుంచి కుడికి పోతే, తర్వాతి వరుస కుడినుంచి ఎడమకు వస్తుంది. ఎందుకో పండితులు చెప్పాలి. మా భాయ్‌ని అడిగితే "జాబితా మారింటాది సార్" అన్నాడు.

ఆహ్వాన పత్రిక సంగతీ చెప్పాలి. "గౌరవనీయులు శ్రీ ఫలానా గారి కరకమలములచే" అని మొదలై "అందరూ ఆహ్వానితులే" అని ముగిసింది. మరుగుదొడ్ల దగ్గర ఆ మాట ఫరవాలేదు. పూర్వం ఒక శ్మశానవాటిక ప్రహరీ గోడ ప్రారంభానికి కూడా ఇదే కార్డు వచ్చింది. "సకుటుంబ సపరివార సమేతంగా" అని కూడా ఉంది. మా నాయన దాన్ని రెండుసార్లు చదివి, "ఇప్పుడే రాలేను, వీలు చూసుకుని వస్తానని చెప్పు" అన్నాడు.

ఇంక ఆ రోజు. పదింటికి అన్నారు. ఉదయం 8.40కి మీడియా గ్రూపులో ప్రెస్‌నోట్ పడింది. "ప్రజల కనీస అవసరాలు తీర్చడమే ధ్యేయమని మంత్రి అన్నారు. బుధవారం ఆయన నూతన మరుగుదొడ్లను ప్రారంభించారు. ఈ సందర్భంగా మాట్లాడుతూ..." అని పేజీ నిండా. మంత్రి అప్పటికి కర్నూల్లో స్నానం చేస్తుంటాడు. తొమ్మిదికల్లా నేను నోట్‌ను డెస్కుకు పంపించేసి, పోయి టెంటు కింద ఉగ్గాని బజ్జి తింటూ కూర్చున్నాను. వార్త వెళ్లిపోయింది, ఇక జరగడమే తరువాయి.

పొదుపు సంఘాల అక్కలను రెండు ఆటోల్లో తెచ్చి ముందు వరుసలో కూర్చోబెట్టారు. మైకు టెస్టింగు పదింటి నుంచి ఒంటిగంట దాకా జరిగింది. ఒక తాత, చంకన గోనెసంచి, గుడ్డ చెప్పులు, టెంటు పక్కకు వచ్చి కానిస్టేబుల్‌ని "నాయనా, తెరిచినారా?" అన్నాడు. "ప్రోగ్రాం అయినాక పో తాతా." తాత అక్కడే గొంతుక్కూర్చున్నాడు. అరగంటకోసారి లేచి రిబ్బను కేసి చూసి మళ్లీ కూర్చున్నాడు. నాకు తెలిసి ఆ రోజు మంత్రి రాక కోసం అంత నిజాయితీగా ఎదురుచూసిన మనిషి ఇంకొకడు లేడు.

ఒకటీ ఇరవైకి బండ్లు వచ్చాయి. పంతులు మరుగుదొడ్డి గడప మీద కొబ్బరికాయ కొట్టాడు. కత్తెర ఎవరి జేబులో ఉందో మర్చిపోయి ఎదురుగా ఉన్న టైలరు దగ్గర తెచ్చారు. ఒక కత్తెర మీద ఎనిమిది చేతులు పడ్డాయి. అసలు కత్తిరించింది ఎవరో కత్తెరకూ తెలియదు. తమరి తెర తాడు ముడిపడి, మంత్రి రెండుసార్లు లాగినా రాలేదు. చివరికి ఇంజనీరు కర్రతో పైకెత్తాడు. చప్పట్లు. తర్వాత మంత్రి పావుగంట మాట్లాడాడు. ప్రెస్‌నోట్‌లో ఉన్న మాట ఒక్కటీ అనలేదు. ఎదుటి పార్టీని తిట్టి దిగిపోయాడు. మరుగుదొడ్ల ప్రస్తావనే రాలేదు. మైకు గొట్టాలు పట్టుకున్న టీవీ వాళ్లకు కావలసింది ఆ తిట్లే కాబట్టి వాళ్లూ తృప్తిగా వెళ్లారు.

బండ్ల దుమ్ము తగ్గకముందే తలుపులకు తాళం పడింది. నీళ్లు రాలేదు కదా, పాడవుతాయట. తాత తాళం చూశాడు, కానిస్టేబుల్‌ని చూశాడు, ఏమీ అనకుండా తమరి దిమ్మె వెనక్కి నడిచాడు. ఆ ఊళ్లో ఆ రోజు జరిగిన అసలు ప్రారంభోత్సవం అదొక్కటే. దానికి ఫొటో లేదు.

ఇది నేను రాయాల్సింది. రాయలేదు. పంతొమ్మిది మందిలో ఆరుగురికి ఆ ఏడాది పుట్టినరోజు యాడ్లు నా ద్వారానే రావాలి. నాకు జీతం లేదు, లైన్ల లెక్క, యాడ్ తెస్తే కమిషన్. అయినా నోట్లో వాళ్ల ఉగ్గాని ఉండగా నీళ్ల సంగతి అడగడం ఎట్లా? మింగాక అడుగుదామనుకున్నాను. టీ ఇచ్చారు.

మర్నాడు జిల్లా పేజీలో మూడు కాలమ్‌ల వార్త, పైన ఫొటో. ఆరింటికే ఫోను మోగింది. ఒక కౌన్సిలరు. "ఏందన్నా, ఫొటోలో నా భుజం వరకే వచ్చింది?" డెస్కులో కోసేశారన్నా, జాగా చాల్లేదు అన్నాను. "ఆ భుజం నాదని నాకు తెలుసు, మా ఆవిడకు తెలుసు. వార్డుకు ఎట్ల తెలుస్తాది?" దానికి నా దగ్గర జవాబు లేదు. తమరి మీద పేరుందిగా అన్నాను. "చదవడానికి భూతద్దం కావాల" అని పెట్టేశాడు. న్యాయమే.

మార్చి 16న కోడ్ కూసింది. రెండు వారాలన్నా ముఖం చూపకముందే తమరికి మళ్లీ ముసుగు. సిబ్బంది మైదా పిండి బకెట్టుతో వచ్చి, గుడ్డ లేక, పాత పేపర్లు అంటించి పోయారు. అటుగా వెళ్తూ చూస్తే తమరి ముఖం మీదున్నది మా జిల్లా పేజీ. కౌన్సిలరు భుజం సరిగ్గా మంత్రి పేరు మీద పడింది. జూన్‌లో ఫలితాలొచ్చేదాకా మనిద్దరం అట్లా ఒకరినొకరం మూసుకుని ఉన్నాం.

తమరి తప్పేం లేదు. మా కర్నూలు గాలే అంత. ప్రారంభోత్సవాల్లో మాకు పెద్ద అనుభవం ఉంది. 1953 అక్టోబరు 1న నెహ్రూ గారొచ్చి ఏకంగా ఆంధ్ర రాష్ట్రాన్నే కర్నూల్లో ప్రారంభించారు. ఆఫీసులు గుడారాల్లో నడిచాయి. ఏ క్యాంపు, బి క్యాంపు, సి క్యాంపు అని మేమిప్పటికీ పిలుచుకునేవి ఆనాటివే. 1956 నవంబరుకల్లా రాజధాని హైదరాబాదు పోయింది. మూణ్ణాళ్ల ముచ్చట అంటారు, మాది మూడేళ్లు. ఓర్వకల్లు విమానాశ్రయాన్ని 2019 జనవరి 8న ఒక ముఖ్యమంత్రి, 2021 మార్చి 25న ఇంకో ముఖ్యమంత్రి ప్రారంభించారు. ప్రయాణికుల విమానం ఎగిరింది రెండోసారి తర్వాతే. అప్పట్నుంచి ఏ రిబ్బను తెగినా మా వాళ్లు "ఇది మొదటిదా, రెండోదా?" అని అడుగుతారు.

తమరికి చెప్పడం మరిచాను. పైపు ఆ ఏడాది దసరా ముందు వచ్చింది. రాత్రిపూట రోడ్డు అడ్డంగా కోసి, పూడ్చి పోయారు. తెల్లారి వాచ్‌మన్ వాల్వు తిప్పితే ట్యాంకు నిండింది, తాళాలు తీశాడు. రిబ్బను లేదు, కొబ్బరికాయ లేదు. ఇప్పుడు మనిషికి అయిదు రూపాయలు తీసుకుంటున్నాడు, బకెట్టు కూడా పెట్టాడు. ఆ వార్తా నేను రాయలేదు. ప్రెస్‌నోట్ రాలేదు మరి.

అసలు ఈ ఉత్తరం ఎందుకంటే, నిన్న భాయ్ ఫోన్ చేశాడు. ఆ మరుగుదొడ్లకు టైల్స్ మారుస్తున్నారట, "ఆధునికీకరణ" అని పేరు పెట్టి మళ్లీ ప్రారంభిస్తారట. తమరిని పీకి కొట్టుకు పంపుతున్నారు. "రెండు పక్కలా అయిపోయింది గదా భాయ్, ఏం చేస్తావ్?" అన్నాను. "సానపడితే అర అంగుళం పోతాది సార్, అంతే. ఇంగో రెండుసార్లకు వస్తాది" అన్నాడు. నొప్పి ఉంటుందేమో, ముందుగా తెలిసుంటే మంచిదని రాస్తున్నాను. జాబితాలో ఇప్పటికి పదకొండు పేర్లు.

ప్రెస్‌నోట్ నాకు వచ్చేసింది. మంత్రి ఏమన్నాడో అంతా ఉంది. తేదీ దగ్గర మాత్రం చుక్కలు పెట్టారు. కింద "మీడియా మిత్రులు గమనించగలరు: టిఫిన్ 9 గంటలకే" అని ఉంది.

ఇట్లు,
తమరి ముఖాన అంటుకున్న వార్త రాసినవాడు