పార్కును పూర్తి చేయు విధానం

తోటల్ని కాపాడుకోవడంలో హైదరాబాద్‌కు సాటి వచ్చే ఊరు లేదు. బషీర్‌బాగ్, కుందన్‌బాగ్, జాంబాగ్, మూసారాంబాగ్, బాగ్ లింగంపల్లి... ఒక్క పేరూ పోలేదు. అన్నీ బస్సు బోర్డుల మీద భద్రంగా ఉన్నాయి. తోటలేవీ అంటారా, తోటకు స్థలం కావాలి, పేరుకు అక్కర్లేదు. చెరువుల మీదా ఇదే శ్రద్ధ. మాసాబ్ ట్యాంక్‌లో ట్యాంకు లేకపోయినా సాయంత్రం ఆరింటికి అక్కడ నిలబడితే నిండా మునిగిన అనుభూతి కలుగుతుంది.

ఇక మిగిలినవి కాలనీ పార్కులు. వీటిని పూర్తి చేసే భారం సంక్షేమ సంఘాలది. కబ్జా అనే మొరటు పద్ధతికి కాలం చెల్లింది. రాత్రికి రాత్రి ప్రహరీ లేపితే తెల్లారేసరికి ఫొటోలు, మధ్యాహ్నానికి జేసీబీ. అదే పని అభివృద్ధి పేరుతో చేస్తే కొబ్బరికాయ, శిలాఫలకం, వాట్సాప్ గ్రూపులో వరసపెట్టి దండాలు. మొదలుపెట్టడానికి ఒక్క మాట చాలు: "ఉత్తగనే పడున్నది కదన్నా జాగ!"

వెయ్యి గజాల పార్కు ఉందనుకుందాం. 90 బై 100, అంటే 9,000 చదరపు అడుగులు. మొదటి పని వాకింగ్ ట్రాక్. ప్రహరీ వెంబడి ఆరడుగుల వెడల్పున పేవర్లు, అంటే సిమెంటు బిళ్లలు పరిస్తే 2,136 అడుగులు లెక్కకొస్తాయి. దాదాపు పావు వంతు, అదీ ఎవరూ నోరెత్తలేని పావు వంతు. ఆరోగ్యానికి అడ్డం పడేదెవరు? తర్వాత ఓపెన్ జిమ్, 600. షటిల్ కోర్టు గీతల వరకే చూసుకున్నా 880. కమ్యూనిటీ హాలు 30 బై 40, అది 1,200. సంఘం ఆఫీసు 144, వాచ్‌మన్ గది 100. ఈశాన్యం మూల గుడికి, మండపానికి 400. గుడి దగ్గర తొందర కూడదు. మొదటి ఏడు రాయికి పసుపు కుంకుమ, రెండో ఏడు రేకులు, మూడో ఏడు స్లాబు. మొత్తం 5,460 అయ్యింది. ఇంకా 3,540 అడుగులు పచ్చగా ఉండిపోయాయే అని దిగులు పడొద్దు. దాని సంగతీ చూద్దాం.

ఎవరైనా ప్రశ్నిస్తే బాగ్-ఎ-ఆమ్‌ను చూపించండి. పబ్లిక్ గార్డెన్స్ అంటే అదే. అందులో 1913లో టౌన్ హాల్ లేచింది, తర్వాత అదే శాసనసభ అయ్యింది. ఆ ఆవరణలోనే జూబిలీ హాల్, మ్యూజియం, బాల భవన్, ఆడిటోరియం. అంత పెద్ద తోటే సర్దుకుపోయింది, మన వెయ్యి గజాలెంత.

పేవర్ల దగ్గర చిన్న కిటుకు ఉంది. వట్టి ఇసుక పరుపు మీద పేరిస్తే సందుల్లోంచి కొంత నీరు కిందికి దిగుతుంది. అది జరగకూడదు. ముందు కింద పీసీసీ, అంటే ఇనుము లేని వట్టి సిమెంటు కాంక్రీటు పోయించండి. బిల్లూ పెరుగుతుంది.

ఇప్పుడు చెట్లు. గొడ్డలి వాడటం అనాగరికం, పైగా నేరం. 2002 నాటి వాల్టా చట్టం ప్రకారం అనుమతి లేనిదే చెట్టు కొట్టకూడదు. అయితే సిమెంటు పోయడాన్ని చెట్టు కొట్టడం అనరు. వేప మొదలు చుట్టూ అరుగు కట్టండి, పెద్దలు కూర్చుంటారు. అరుగు లోపల రెండడుగులు మట్టి ఎత్తు పోస్తే బెరడు ఎప్పుడూ తడిగా ఉండి లోలోపల కుళ్లుతుంది. నీళ్లు తాగే సన్నవేళ్లు ఎక్కువగా పై రెండడుగుల మట్టిలోనే ఉంటాయి, వాటికి గాలి కూడా కావాలి, పీసీసీ రెండూ ఆపేస్తుంది. ట్రాక్ అంచు రాళ్ల కోసం ఒక పక్కన అడుగున్నర కాలువ తవ్వారంటే చెట్టును నిలబెట్టే లావు వేళ్లు ఆ పక్కన తెగిపోతాయి. పైకేమీ తెలియదు. చెట్టు పచ్చగానే ఉంటుంది, ప్రారంభోత్సవం ఫొటోలో అందంగా పడుతుంది. మే నెలలో ఓ సాయంత్రం ఈదురుగాలి లేస్తుంది. పడిపోయిన చెట్టు దగ్గరికెళ్లి చూస్తే వేళ్ల పళ్లెం ఇంత వెడల్పున లేచి ఉంటుంది, దానికి నాలుగైదు పేవర్లు అంటుకుని ఉంటాయి, ట్రాక్ వైపు వేళ్లు రంపంతో కోసినంత నున్నగా కనిపిస్తాయి. మర్నాడు పేపర్లో 'గాలికి కూలిన చెట్టు' అని వస్తుంది. నేరం గాలిది. చెట్టు చుట్టూ మీటరు మేర కాంక్రీటు తీసేయాలని 2013లో జాతీయ హరిత ట్రిబ్యునల్ ఢిల్లీకి చెప్పింది. అది ఢిల్లీ చెట్ల గొడవ, మనకెందుకు.

మిగిలిన 3,540 అడుగుల్లో గరిక ఉంటే పీకించండి. ఎండాకాలం ఎండిపోయి తొలకరికి తనంతట తాను లేచే గడ్డికి మెయింటెనెన్స్ బిల్లు ఎలా పెడతాం? మెక్సికన్ గడ్డి వేయండి. వేసవిలో చదరపు మీటరుకు రోజుకు ఐదు లీటర్ల లెక్కన మూడు రోజులకో 5,000 లీటర్ల ట్యాంకర్ మింగుతుంది. తర్వాత 'గడ్డి తొక్కరాదు' బోర్డు. పిల్లల సమస్య కూడా తీరింది.

వాననీటిదే అసలు చిక్కు. వెయ్యి గజాల మీద ఒక సెంటీమీటరు వాన పడితే 8,360 లీటర్లు. అందుకే ఇంకుడు గుంత కావాలంటారు: అడుగున లావు కంకర, పైన ఇరవై ఎంఎం, ఆపైన దొడ్డు ఇసుక. తప్పకుండా తవ్వించండి, కాకపోతే ట్రాక్ కన్నా అరడుగు ఎత్తులో. నీళ్లు దాన్ని పలకరించకుండా గేటు వైపు పోతాయి. పొరపాటున పల్లంలో తవ్వినా కంగారు లేదు. వానలకు ముందు పై ఇసుక తీసి కడగకపోతే ఒండ్రు పేరుకుని రెండేళ్లలో అదే మూసుకుపోతుంది. గేటు దాటిన నీళ్లు సెల్లార్లలోకి వెళ్లి, మనల్ని వెతుక్కుంటూ వస్తాయి. 2020 అక్టోబరులో ఘట్‌కేసర్ వైపు ఒక్కరోజులో 32 సెంటీమీటర్లు కురిసింది. మన లెక్కన ఒక్క పార్కు మీదే 53 ట్యాంకర్లు, అదీ ఉచితంగా. ఉచితాలు మనుషుల్ని సోమరుల్ని చేస్తాయి కాబట్టి వదిలేశాం.

అసలు పార్కే లేని కాలనీలకూ దారుంది. పది శాతం ఖాళీ స్థలం వదలని లేఅవుట్లో ప్లాటు కొన్నవాళ్లు, 2020 నాటి లేఅవుట్ల క్రమబద్ధీకరణ పథకం (ఎల్‌ఆర్‌ఎస్) ప్రకారం ప్లాటు విలువలో 14 శాతం కట్టాలి. పార్కు జాగా కూడా అమ్ముకున్నవాడు కట్టడు, పార్కు లేనివాడు కడతాడు. రసీదు ఇస్తారు, ఎండలో నెత్తిన పెట్టుకోవచ్చు.

చివరగా ఒక హెచ్చరిక. పూడ్చేటప్పుడు పిసినారితనం వద్దు. అంబర్‌పేటలో బతుకమ్మ కుంటను మట్టి, చెత్త పోసి కుంటే లేదు అనే స్థితికి ఎంతో ఓపికగా తెచ్చారు. 2025లో చెరువుల కబ్జాలు తొలగించే ప్రభుత్వ సంస్థ హైడ్రా తవ్వకం మొదలుపెట్టగానే నీళ్లు ఊరాయి. సెప్టెంబరు కల్లా ఆడవాళ్లు అదే గట్టున బతుకమ్మ ఆడారు. అందుకే పేవర్ల కింద పీసీసీ నాలుగంగుళాలు చాలదు. ఆరు వేయించండి.