స్కిన్ స్మూత్ స్లైడరుగారి దివ్యసముఖానికి

ఫొటోలు దిద్దే సాఫ్ట్‌వేరులో కూర్చుని, జరిపినకొద్దీ ముఖచర్మాన్ని నునుపు చేసే మహారాజశ్రీ స్కిన్ స్మూత్ స్లైడరుగారికి, ఒడిశా రాష్ట్రం, గజపతి జిల్లా, పర్లాకిమిడి నుంచి ఒక ఫొటోగ్రాఫరు చేసుకుంటున్న విన్నపం. ఇక్కడ మేమందరం క్షేమం. తమరు సున్నా మీద ఉన్నా వంద మీద ఉన్నా క్షేమంగానే ఉంటారు కనుక కుశలప్రశ్నలతో కాలయాపన చేయను. వాడుక భాష కోసం జీవితమంతా పోరాడిన గిడుగు రామమూర్తి పంతులుగారు పాఠాలు చెప్పిన ఊళ్ళో కూర్చుని ఇంత బిగువైన తెలుగులో ఉత్తరం రాయడం తప్పేనని ఒప్పుకుంటున్నాను. కానీ తమరు పెద్దలు, పైగా నా యజమానులు. పెద్దలకు రాసేటప్పుడు ఒళ్ళు దగ్గర పెట్టుకుని రాయమని మా ఇంట్లో నేర్పారు.

తమరి కొలువులోకి రాకముందు నేను సూర్యుడి దగ్గర పనిచేసేవాణ్ణి. ఆ కొలువు కష్టం. మే నెలలో మా వైపు ఐదుంబావుకే పొద్దు పొడుస్తుంది. ఎనిమిది దాటితే మహేంద్రతనయ ఒడ్డున ఇసుక కళ్ళు చెదరగొడుతుంది, ముఖం తీయడానికి పనికొచ్చే వెలుగు మళ్ళీ సాయంత్రానికి గాని దొరకదు. మే నడుమ నుంచి జూలై చివరి దాకా మధ్యాహ్నపు సూర్యుడు మా నడినెత్తిని దాటి కాస్త ఉత్తరానికి కూడా జరుగుతాడు. ఆ వేళలో ఎవరినైనా ఆరుబయట నిలబెట్టి తీస్తే కనుగుంటలు రెండూ నుయ్యిల్లాగా చీకటి పడి, ఎంత అందమైన పెళ్ళికొడుకైనా వారం రోజులుగా నిద్ర లేనివాడిలాగా కనబడతాడు. అందుకే నాకు చలికాలమంటే ఇష్టం. అప్పుడు మా మేడగది ఉత్తరపు కిటికీలోకి ఎండ నేరుగా రాదు, ఆకాశపు వెలుగు మాత్రమే మెత్తగా దిగుతుంది.

ఆ కిటికీకి బారెడు దూరంలో స్టూలు వేసి మనిషిని కూర్చోబెడతాను. రెండోవైపు చెంప మరీ నల్లబడకుండా ఉతికిన తెల్లపంచె ఒకటి దండెం మీద ఆరవేస్తాను. పంచె పొలంలో ఉన్న రోజు థర్మోకోల్ అట్ట పెడతాను. గడ్డం రెండు వేళ్ళంత కిటికీవైపు తిప్పమంటాను. అప్పుడు కళ్ళు రెండింటిలోనూ ఊచలతో సహా బుల్లి కిటికీ వెలుగుతుంది. మనిషి వెనక సున్నం వేసిన గోడ ఉంటే కెమెరా తికమకపడుతుంది. లోకమంతా సగటున బూడిదరంగులో ఉంటుందని దాని నమ్మకం కాబట్టి, తెల్లగోడను చూసి భయపడి మొత్తం ఫొటోను తగ్గించేస్తుంది, మొదటే చామనచాయగా ఉన్న మనిషి బొగ్గుబస్తాలోంచి లేచివచ్చినట్టు పడతాడు. అందుకని గోడ మాట వినక చెంప మీద వెలుగు కొలిచి తీస్తాను. ఇంతా చేస్తే, పక్కనుంచి జారే ఆ వెలుగు ప్రతి ముడతకూ, ప్రతి రంధ్రానికీ అవతలి వైపు వెంట్రుకవాసి నీడ పెడుతుంది. ఆ నీడలను చూసే మన కన్ను ముఖం గుండ్రనిదనీ, కిటికీ ఎడమవైపు ఉందనీ తెలుసుకుంటుంది.

అప్పుడు తమరు వేంచేస్తారు.

తమరి పాలనాపద్ధతిని కళ్ళారా చూసినవాణ్ణి కనుక ధైర్యంగా చెబుతున్నాను. ముఖం ఎక్కడుందో ముందు పట్టుకుంటారు. తరవాత ఒక్కొక్క చుక్కనూ పిలిచి, దాని ఇరుగుపొరుగుల రంగు కనుక్కుని, అందరినీ కలిపి సగటు తీస్తారు. పక్కవాడికన్నా నల్లగా ఉన్నవాడు తెల్లబడాలి, వెలుగుతున్నవాడు తగ్గాలి. ఏ పంచాయతీకీ చేతకాని సమానత్వాన్ని తమరు మూడు సెకన్లలో సాధిస్తారు. ఆ సమానత్వంలో మొదట పోయేవి ఆ వెంట్రుకవాసి నీడలే. అవి పోయాక వెలుగు ఎటునుంచి వచ్చిందో చెప్పే సాక్షి చెంప మీద మిగలడు. నేను రెండు గంటలు కాచుకుని తెచ్చిన కిటికీకి తమరు ఒక్క జారుడుతో ఇటుకలు పేర్చి గోడ కట్టేస్తారు. నునుపు చేయడం మా ఊరికి కొత్త విద్య కాదు. ఇక్కడి కొమ్ముపనివారు పశువుల కొమ్ములను అరగదీసి, మెరుగుపెట్టి, కొంగలూ రొయ్యలూ చేసి అమ్ముతారు. అయితే వారు ఆ పని కొమ్ము మీదే చేస్తారు, కొనడానికి వచ్చినవారి ముఖం మీద చేయరు.

కిందటి పుష్యమాసంలో జరిగిన సంగతి తమరికి గుర్తుందో లేదో. సరిహద్దుకు అవతల ఆంధ్రలో ఉన్న పాతపట్నం వైపు నుంచి ఒక రైతు తన తల్లిని తీసుకొచ్చాడు. ఎనభై దగ్గరపడిన మనిషి. గడ్డం మీద మూడు పచ్చబొట్టు చుక్కలు, చెంపలనిండా చిన్నప్పుడు అమ్మవారు పోసిన గుంటలు, ముక్కుకు రెండువైపులా బేసరి బరువుకు సాగిన రంధ్రాలు. ఆ ఉదయం పది గంటల వెలుగు ఆమె ముఖం మీద దున్నిన చేనుమీద పడినట్టు పడింది. నేను పదకొండు ఫొటోలు తీశాను, అందులో ఏడోది చూసి నాకే చాలాసేపు మాట రాలేదు. కొడుకు మాత్రం, "మా యమ్మ మొగం కొంచెం సాపుగా సెయ్యండి బాబూ, గోడకి కట్టుకుంటాం" అన్నాడు. డబ్బు ఇచ్చేవాడి మాట. తమరిని 80 దగ్గరికి జరిపాను.

మశూచిని మన దేశం నుంచి పంపించడానికి వేలమంది ఊరూరా, ఇంటింటా తిరిగితే, 1975 నాటికి గాని అది వదలలేదు. తమరు మామ్మ ముఖం మీది నుంచి దాని ఆనవాళ్ళను టీ చల్లారేలోపు తుడిచారు. ఆ ఊపులో పచ్చబొట్టును కూడా వ్యాధిగానే లెక్కకట్టారు. ప్రింటు చేతికిస్తే మామ్మ దాన్ని దూరంగా పట్టుకుని, దగ్గరగా పట్టుకుని, చివరికి నావైపు తిరిగి, "ఈవిడెవులు నాయినా? నా సుక్కలేవి?" అని అడిగింది. తమరి తరఫున జవాబు చెప్పవలసిన బాధ్యత నాదే కాబట్టి, "సైజు మార్చినప్పుడు పోయాయి మామ్మా" అని అబద్ధమాడాను.

దిష్టిచుక్క సంగతి సరేసరి. మొదటి పుట్టినరోజుకు తీసిన పసివాడి బుగ్గ మీద అరచేతి వెడల్పున పెట్టిన కాటుకచుక్కను తమరి సోదరులు, మచ్చలు తమంతట తామే వెతికి తీసేవారు, పెద్ద మచ్చగా భావించి మాయం చేశారు. ఆ వారమే పిల్లవాడికి జలుబు చేసింది. తల్లి ఆల్బము తీసుకొచ్చి, నేను బ్రష్షుతో నల్లచుక్క తిరిగి పెట్టేదాకా బల్ల ముందు నుంచి లేవలేదు. చుక్క ఎడమ బుగ్గ మీద ఉండాలని కూడా రెండుసార్లు గుర్తుచేసింది.

తమరిది గొప్ప వంశమని తెలుసు. ఫిల్ము రోజుల్లో తమరి పూర్వీకులు నెగెటివు మీద ముడత పడినచోట సన్నటి పెన్సిలు మొనతో రుద్దేవారు. నెగెటివులో చేరిన నలుపు ప్రింటులో తెలుపవుతుంది కనుక ముడత మాయమయ్యేది. అయితే ఆ పెన్సిలు పట్టినవాడు ఒక్కొక్క ముడత దగ్గరా ఆగి, దీన్ని తీయాలా, ఉంచాలా అని ఆలోచించేవాడు. తరవాత కొడాక్ కంపెనీ రంగులు సరిచూసుకోమని ల్యాబులకు షర్లీ కార్డులనే నమూనా ఫొటోలు పంపింది. దశాబ్దాల పాటు వాటి మీద ఉన్నది తెల్లతోలు ఆడవాళ్ళే. మా చామనచాయలు ఎలా పడ్డాయని ఆ కార్డును అడిగినవారు లేరు. 1990లో ఫొటోషాప్ పుట్టింది, 2002లో దానికి మచ్చలు మాన్పే హీలింగ్ బ్రష్ చేరింది, ఇప్పుడు తమరు ఫోను కొన్నవాడు అడగకపోయినా లోపలే కూర్చుని ఉంటున్నారు. ఫ్రాన్సువారు 2017లో, నార్వేవారు 2022లో, వ్యాపార ప్రకటనల్లో మనిషి ఒళ్ళు దిద్దితే ఆ మాట ఫొటో మీదే రాయాలన్నారు. అదృష్టవశాత్తు పర్లాకిమిడి పెళ్ళి ఆల్బములకు ఆ దేశాల చట్టాలు చెల్లవు.

ఇక పెళ్ళిచూపుల ఫొటోలు. తమరు ముఖానికి ఇచ్చిన తెలుపును మెడకూ చేతులకూ ఇవ్వడం మరిచిపోవడం వల్ల, ముఖం వంతెనకు ఆవల పాతపట్నంలోనూ, చెయ్యి ఈవల పర్లాకిమిడిలోనూ ఉన్నట్టు వచ్చిన ఫొటోలు నా హార్డ్ డిస్కులో కొల్లలు. 1936లో ఒడిశాను వేరుచేస్తూ సర్కారువారు పర్లాకిమిడి జమీను మధ్య గీసిన సరిహద్దు గీతకన్నా తమరు చుబుకం కింద గీసిన గీత స్పష్టంగా కనిపిస్తుంది. వరుడి తరఫువారు ఫొటో చేతపట్టుకుని వచ్చి, ఎదుట కూర్చున్న అమ్మాయిని వదిలేసి, అక్క ఎక్కడ అని అడిగిన సందర్భం ఒకటి నా చెవిన పడింది.

ఈ నేపథ్యంలో నా విన్నపం చిన్నది. తమరిని ఉద్యోగం మానుకోమని అడగను. మానుకుంటే నా కొట్టు మూతపడుతుంది. మొటిమ ఒకటి పెళ్ళిరోజే లేస్తే తీసేయండి, అది వారంలో పోయేదే కనుక మనిషిది కాదు. పచ్చబొట్టు, అమ్మవారి గుంట, నవ్వుముడత కనిపిస్తే మాత్రం 15 దగ్గర ఆగిపోండి. రేపు ఉదయం తొమ్మిదిన్నరకు పర్లాకిమిడి అవతలి పల్లె నుంచి ఒక పెళ్ళికూతురు వస్తోంది. వాళ్ళ మేనమామ ఫోనులో, "వెలుగు ఎలాగున్నా పర్వాలేదండీ, తరవాత మీరు చేసేస్తారు కదా" అన్నారు. నేను పంచె ఉతికి దండెం మీద వేశాను. తమరు పదకొండు దాకా నిద్ర లేవకుండా ఉంటే చాలు.

ఇట్లు,
తమరి విధేయుడైన నౌకరు,
మేడమీది ఫొటోగ్రాఫరు

తా.క.: కొట్టు బయట బోర్డు మీద ఉన్న నా ఫొటో తమరు 70 దగ్గర ఉండగా అచ్చు వేయించినది. దాన్ని మాత్రం ప్రస్తుతానికి కదపవద్దని మనవి.