ఇంకొంచెం రేజ్ చెయ్ బావా!

సూర్యలంక బీచ్‌లో ఆదివారం సాయంత్రం ఇసుకలో థార్ జీపు దిగబడితే దాన్ని బయటికి తీసే శాస్త్రం మన దగ్గర ఒక్క వాక్యంలో సిద్ధంగా ఉంది: "ఇంకొంచెం రేజ్ చెయ్ బావా!" ఈ శాస్త్రానికి గురుకులం అక్కర్లేదు. ప్యాంటు మోకాళ్ల దాకా మడిచి, కొబ్బరిబొండం చేత పట్టి, బండికి కాస్త ఎడంగా నిలబడ్డ ఎవరైనా ఉపదేశించవచ్చు. స్టీరింగ్ ముందు కూర్చున్న బావ ఆ మాట జవదాటడు.

అసలు బండి అక్కడికెందుకు వెళ్లిందని అడిగే మూర్ఖులు ఇంకా కొందరున్నారు. బాపట్ల నుంచి తొమ్మిది కిలోమీటర్లు తారురోడ్డు ఉంది. చివర్లో బండి ఆపుకోవచ్చు. అక్కణ్నుంచి చెప్పులు చేత్తో పట్టుకుని నడిచి వెళ్తే సముద్రం కనబడదా? కనబడుతుంది, కానీ మనుషులకే. లక్షలు పోసి కొన్న బండికి సముద్రం చూపించకపోతే ఈఎంఐకి న్యాయం జరగదు.

పైగా అది ఫోర్ బై ఫోర్ అని బావ నమ్మకం. నమ్మకం అని ఎందుకంటున్నానంటే, 2023 జనవరి నుంచి థార్ వెనక చక్రాలు మాత్రమే లాగే రకంలో కూడా వస్తోంది. ధర తక్కువ, దర్జా అదే. దానికి ఎంత పెద్ద 4×4 స్టిక్కర్ అతికించినా ముందు చక్రాలకు షాఫ్ట్ మొలవదు. పోనీ, నిజంగానే నాలుగు చక్రాలూ లాగే బండే అనుకుందాం. గేర్ రాడ్ పక్కనున్న ఆ రెండో లివర్ దేనికో బావకు తెలుసా? షోరూం నుంచి తెచ్చుకున్న రోజు ఒకసారి భక్తిగా తాకాడు. మళ్లీ ముట్టుకోలేదు.

ఇప్పుడు ఉపదేశం అమలవుతోంది. బావ రేజ్ చేస్తాడు. చక్రం గిర్రున తిరిగి ఇసుకను వెనక్కి చిమ్ముతుంది, తను ఇంకాస్త కిందికి దిగుతుంది. గురువుగారు "వస్తోంది, వస్తోంది" అంటారు. వస్తున్నది క్లచ్ కాలిన వాసన. నలుగురు కుర్రాళ్లు వెనక బంపర్ ఎక్కి గెంతుతారు, బరువుకి గ్రిప్ వస్తుందట. ఇద్దరు వెనకనుంచి తోస్తారు, నోటినిండా ఇసుకతో లేస్తారు. ఒకడు కొబ్బరిమట్టలు తెచ్చి చక్రాల కింద వేస్తాడు. ఇంకొకడు కారులో మ్యాట్లు తీసి పరుస్తాడు. మ్యాటు తుపాకి గుండులా వెనక్కి దూసుకొచ్చి, తోస్తున్నవాడి మోకాలికి తగులుతుంది. పిల్లలు బకెట్లతో సముద్రం తెచ్చి పోస్తారు. వెనక సీట్లో అత్తగారు పులిహోర డబ్బా ఒళ్లో పెట్టుకుని ఆంజనేయ దండకం చదువుతుంటారు. దిగమని ఆవిడకు ఎవరూ చెప్పరు. బరువు తగ్గుతుందన్న ఆలోచన ఆ గుంపులో ఎవరికీ రాలేదు. వచ్చినా, అత్తగారితో ఆ మాట అనే ధైర్యం బావకు లేదు.

ఇంతలో గుంపులోంచి ఒక పెద్దాయన ముందుకొస్తాడు. కువైట్‌లో ఏళ్ల తరబడి బండి నడిపి వచ్చిన మనిషి. కడప జిల్లాలో, కోనసీమలో ఇలాంటివాళ్లు వీధికొకరు ఉంటారు. "ముందు ఇంజిన్ ఆపు బాబూ. నాలుగు చక్రాల్లోనూ గాలి సగానికి దించు" అంటాడు. గుంపంతా నవ్వుతుంది. "గాలి తీస్తే బండి ఎట్టా కదుల్తాది బాబాయ్? ఎక్కించాలి గానీ!"

నవ్వండి. దుబాయ్‌లో ఎడారి సఫారీకి తీసుకెళ్లే డ్రైవర్లు ఇసుక మొదలయ్యే చోట బండి ఆపి చేసే మొదటి పని అదే. వాళ్లకు తెలియదు పాపం, రేజ్ చేస్తే సరిపోతుందని. 1920ల చివర్లో లిబియా ఎడారిలో ఫోర్డ్ కార్లు తిప్పిన రాల్ఫ్ బాగ్నోల్డ్ అనే బ్రిటిష్ సైనికాధికారికీ తెలియలేదు. ఆయన టైర్లలో గాలి తగ్గించుకుని, దిగబడితే చక్రాల కింద ఇనుప పట్టాలు పరుచుకుని ఇసుక దిబ్బలు దాటాడు. పాపం, ఆయనకు బావమరిది లేడు.

టైరులో గాలి ఒత్తిడిని పీఎస్ఐలలో కొలుస్తారు. రోడ్డు మీద ముప్పై దాటి ఉండే దాన్ని పదిహేను, పద్దెనిమిదికి దించితే టైరు పొడవుగా పరుచుకుంటుంది. అదే బరువు ఎక్కువ ఇసుక మీద పడుతుంది కాబట్టి కోసుకుంటూ దిగకుండా పైన తేలుతుంది. బండి పొట్ట అప్పటికే ఇసుక మీద ఆనితే పారతో కింద ఉన్నదీ, చక్రాలకు అడ్డంగా ఉన్నదీ తీసెయ్యాలి. స్టీరింగ్ తిన్నగా పెట్టి, ఆ అవమానితురాలైన రెండో లివర్‌ను లో రేంజ్‌లో, అంటే నాలుగు చక్రాలూ వేగం తగ్గించి బలంగా లాగేలా వేసి, వచ్చిన చాళ్లలోనే మెల్లగా వెనక్కి రావాలి. చక్రం ఉత్తినే తిరగడం మొదలైతే వెంటనే ఆపి మళ్లీ తవ్వాలి. జాకీ పెట్టాల్సి వస్తే కింద చెక్క ఉండాలి, లేకపోతే బండి కంటే ముందు జాకీయే దిగుతుంది. రోడ్డెక్కే ముందు గాలి మళ్లీ నింపుకోవాలి, దానికి సిగరెట్ లైటర్ సాకెట్‌కు తగిలించే చిన్న పంపు చాలు. ఇందులో కష్టమైన పని ఒక్కటే. జనం చూస్తుండగా మోకాళ్ల మీద కూర్చుని మట్టి తవ్వాలి. రీల్‌లో అది బాగుండదు.

అందుకే ట్రాక్టర్ వస్తుంది. పడవల్ని ఒడ్డుకు లాగే ట్రాక్టర్, పడవకు కట్టే మోకు. తెల్లవారుజామున వేటకు వెళ్లి వచ్చి, వల సరిచేసుకుంటున్న మనిషిని లేపి తీసుకొస్తారు. మోకు ఒక కొస బావ బంపర్‌కు కడతాడు. బంపర్ ప్లాస్టిక్ అని ఒకరు చెబితే విప్పి, బంపర్ ముందు బిగించిన తళతళలాడే ఇనప గార్డుకు, అదే బుల్‌బార్‌కు కడతాడు. అది రెండు బోల్టుల మీద నిలబడ్డ అలంకారం. ట్రాక్టర్ ఒక్క ఊపున ముందుకు ఉరుకుతుంది. మోకు నేలకు జానెడు ఎత్తున కర్రలా బిగుసుకుంటుంది. దాని మీదుగా పిల్లలు ఇటూ అటూ గెంతుతుంటారు. తల్లులు వీడియో తీస్తుంటారు.

ఇక్కడ నాకు నవ్వు రావడం లేదు. నైలాన్ మోకు సాగుతుంది. సాగినంతా బలం దాచుకుంటుంది. అది తెగినా, కట్టిన ఇనప ముక్క ఊడినా ఆ బలమంతా ఒకేసారి బయటికొస్తుంది. ఆస్ట్రేలియాలో ఇలా టో బాల్, అంటే ట్రైలర్ తగిలించే ఇనప గుండు, ఊడి ఎగిరి మనుషులు చచ్చిపోయారు. అక్కడ అమ్మే రికవరీ స్ట్రాప్ మీద, అంటే దిగబడ్డ బండిని లాగే పట్టీ మీద, హెచ్చరిక ముద్రించి తీరాలని చట్టం ఉంది. మన దగ్గర హెచ్చరిక చెప్పినవాణ్ని గుంపు "నోరు ముయ్యి, నెగటివ్‌గా మాట్లాడకు" అంటుంది. బండి ఛాసిస్‌కు బిగించిన అసలు హుక్కుకే కట్టరా అంటే వినరు. తాడు మధ్యలో తడి గోనెసంచో, బరువైన దుప్పటో వెయ్యండి, తెగితే పైకి లేవకుండా ఉంటుంది అంటే వినరు. తాడు పొడవుకు ఒకటిన్నర రెట్లు దూరంగా జరగండి అంటే ఇంకా దగ్గరికొస్తారు, క్లోజప్ కోసం! ట్రాక్టర్‌కు మోకు కింది హుక్కుకు కాకుండా పైన కడితే, లాగేటప్పుడు ముందు చక్రాలు లేచి అది వెనక్కి తిరగబడుతుంది. దాని కింద పడేది బావ కాదు. పొద్దున్నే సముద్రం మీదికి వెళ్లి ప్రాణాలతో తిరిగొచ్చిన మనిషి. ఒకడి సరదాకి ఆ మనిషి ప్రాణం ఎందుకు తాకట్టు పెట్టాలి? ఏ హక్కుతో?

ఇదే ఒడ్డున జనవరి నుంచి మార్చి దాకా ఆలివ్ రిడ్లీ తాబేళ్లు రాత్రిళ్లు వచ్చి గుడ్లు పెడతాయి. వాటి మీద మన నాలుగు టైర్ల ముద్రలు. ఆ సంగతి ఎత్తితే "మీరు ఎన్జీవోనా సార్?" అని అడుగుతారు.

గుజరాత్‌లో ముంద్రా దగ్గర 2024 జూన్‌లో రెండు థార్‌లను రీల్ కోసం ఏకంగా సముద్రంలోకే దించి ఇరికించారు. పోలీసులు కేసు పెట్టారు. మనవాళ్లు ఆ వార్త చదివి గర్వపడతారు, మేమింకా తడి ఇసుక దగ్గరే ఆగామని.

సరే, బుల్‌బార్ ఊడి పక్కన పడ్డాక, మోకు మార్చి కట్టాక, ఎలాగో బండి బయటికొచ్చింది. ఈలలు, చప్పట్లు. అత్తగారు దండం పెట్టుకున్నారు. ట్రాక్టర్ ఆయన తల గోక్కుంటూ వచ్చాడు. "డీజిల్ ఖర్చయినా ఇప్పించండి సార్."

"అయ్యో బాబాయ్, ఇక్కడ నెట్ రావట్లేదే. ఊళ్లోకెళ్లాక ఫోన్‌పే కొడతా, నంబర్ చెప్పు."

వెనక సీట్లోంచి బావమరిది అరిచాడు: "బావా, మన రీల్‌కి అప్పుడే నాలుగొందల లైకులు!"